ఉదయపు పంక్తి

పూర్వవిద్యార్థులు తమకు తోచిన విషయమును గూర్చి తమ యభిప్రాయమును వ్రాసి పంపవలసినదని మన సంచికా సంపాదకులవారు కోరియున్నారు. విద్యాభివృద్ధిని గూర్చియు, దేశసేవను గూర్చియు వ్రాయుటకు నాకంటె పెద్దలు పలువురు కలరు. నేనొక చిన్న విషయమును చేపట్టుచున్నాను. చలికాలపు ఉదయములందు మోటారు సైకిళ్లమీద బయలుదేరి, దూరపు టూర నొకచోట గలిసికొని ఫలాహారము చేసివచ్చు అలవాటు మంచిదా, చెడ్డదా యను ప్రశ్నయే యా విషయము. చదువరులు దీనిని తేలికగా నెంచవలదు. ఇందు ప్రాణములకు సంబంధించిన సంగతి కలదు. నా మట్టుకు నాకు నా స్వంత తప్పిదముకూడ నొకటి కలదు. దానిని దాచక చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

ముందుగా ఈ యలవాటు ఎట్టిదో తెలియని తల్లిదండ్రులకొరకు వివరించెదను. శరదృతువు ముగియవచ్చి, కార్తికమాసపు మంచు కురియ నారంభించినది మొదలు, మన పట్టణములలోని యువకులు కొందరు సెలవుదినములందు తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకే లేచి, మోటారు సైకిళ్ల నెక్కి, ఏబది మొదలు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న యొక చల్లని తావునకు పోవుదురు. అచ్చట నందరును గలిసి ఫలాహారము చేసి, ఎండ ముదురక మునుపే యిండ్లకు మరలుదురు. హైదరాబాదువారు వికారాబాదు చెంతనున్న అనంతగిరి కొండలకును, బెంగుళూరువారు నందికొండకును, విశాఖపట్టణమువారు అరకులోయకును లంబసింగికిని పోవుట పరిపాటి. దీనికి వారు పెట్టుకొన్న పేరు ‘బ్రేక్‌ఫాస్టు రైడు’. మనము ఫలాహారయాత్ర యని చెప్పుకొనవచ్చును.

దీనిని నిందించువారు మొదట చెప్పు మాట యేమనగా: “ఇంటి వీథి చివర దొరకెడి ఇడ్డెనలకై నూరు కిలోమీటర్లు పోవలెనా? పెట్రోలు దండుగ, నిద్ర దండుగ, ఒడలు నొప్పులు దండుగ!” ఈ యాక్షేపణకు నేను అనేక పర్యాయములు సమాధానము చెప్పియున్నాను. ఇదే కార్తికమాసమున మన ఊళ్లలో కుటుంబములు కుటుంబములుగా పులిహోర గిన్నెలు మోసికొని తోటలకు పోయి, ఉసిరిక చెట్టు నీడను గూర్చుండి వనభోజనములు చేయుచున్నారు గదా! ఇంటిలో తినదగిన పులిహోరను తోటకేల మోసికొని పోవలెనని వారి నెవరును అడుగరు. అన్నము ఒక నెపము మాత్రమే. పదిమంది ఒకచోట గూడుటయే ప్రయోజనము. ఆ మాట ఉసిరిక చెట్టు క్రింద ఎట్లు నిజమో, కొండమీది కాఫీ హోటలు బల్లయొద్దను అట్లే నిజము.

పైగా మోటారు సైకిలు ప్రయాణమున ఒక విశేషము కలదు. బస్సులోగాని రైలులోగాని పోవువారు దారి పొడవునను మాటలాడుకొనుచు పోవుదురు. మోటారు సైకిలుమీద పోవువాడు పదిమందితో గూడి పోవుచున్నను ఒంటరివాడే. తలకు హెల్మెట్టు, చెవులలో గాలి హోరు, కన్నులు దారిమీద. రెండు మూడు గంటలసేపు నోరు విప్పుటకు వీలులేదు. ఆ చలిలో, ఆ మౌనములో ప్రయాణము చేసి, వణకు వ్రేళ్లతో వేడి తేనీటి గ్లాసును పట్టుకొని బల్లయొద్ద గూర్చుండినప్పుడు గదా, అంతవరకు విడివిడిగా వచ్చినవారు ఒక బృందమగుట! కనుక ఫలాహారము ఈ యాత్రకు అనుబంధము కాదు. అదియే దీని ముఖ్యాంశము. ఈ సంగతిని మరచినవారు దారిలో తప్పు చేయుదురు. నేనును మరచితిని.

అది 2018వ సంవత్సరము నవంబరు 24వ తేది, శనివారము. కార్తిక పున్నమి వెళ్లిన మరునాడు. మేము పదునొకండు మందిమి పదునొకండు బండ్లమీద తెల్లవారుజామున విశాఖపట్టణమునుండి బయలుదేరితిమి. అనకాపల్లి దాటి, తాళ్లపాలెము కూడలియొద్ద పెద్ద రహదారిని విడిచి, నర్సీపట్టణము మార్గమున లంబసింగికి పోవలెనని మా యేర్పాటు. లంబసింగి సముద్రమట్టమునకు సుమారు 1000 మీటర్ల యెత్తున నున్న గ్రామము. అప్పట్లో విశాఖపట్టణము జిల్లాలో నుండెను. 2022వ సంవత్సరమునుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరినది. ఆ ప్రాంతమువారు దానిని కొర్రబయలు అనియు పిలుతురు. రాత్రివేళ బయట నుండిపోయినవాడు ఉదయమునకు కొర్రవలె బిగుసుకొనిపోవునని దానికి అర్థము చెప్పుదురు.

నర్సీపట్టణము దాటువరకు పడమటి దిక్కున చంద్రుడు మాకు తోడుండెను. ఘాటు దారి మొదలు కాగానే మంచు మమ్ము క్రమ్మెను. పది గజములకు ముందున్న బండి యెఱ్ఱదీపము ఒక క్షణము కనబడి, మరుక్షణము మాయమగుచుండెను. పేరు చెప్పుట తగదు గాని, మాలో నొకడు క్రొత్తగా చేరినవాడు. మా కార్యాలయమునందే పనిచేయువాడు. నా మాటమీద వచ్చినవాడు. బయలుదేరునప్పుడు అతడు నన్ను, “అన్నా, నాకు ఘాటు దారి అలవాటులేదు; నీ వెనుకనే వత్తును” అని యడిగెను. నేను సరే యంటిని. కాని కొండ యెక్కుచుండగా ముందున్నవారి వేగము నన్ను లాగుకొనిపోయెను. వెనుకకు చూపు అద్దములో మంచు తప్ప మరేమియు కనబడుటలేదు. “వచ్చుచునే యుండును” అని నాకు నేనే చెప్పుకొంటిని.

నేను రెండవవాడనై లంబసింగి చేరితిని. ఇడ్డెనలు పొగలు గ్రక్కుచుండెను. మేము వచ్చినవారము వచ్చినట్లే తినుటకు గూర్చుంటిమి. నేను నాలుగు ఇడ్డెనలు తింటిని. అల్లపుచట్నీ మరియొకమారు వేయించుకొంటిని. కాఫీ వచ్చిన పిమ్మట డబ్బు లెక్క చూచుటకై తలలు లెక్కపెట్టగా పదిమందిమే యుంటిమి. నాడు ఆ ఘాటులో టెలిఫోను అందలేదు. నేనును మరియొకడును వెనుకకు మరలితిమి. ఒక మలుపున, రాలిన ఆకులు మంచుకు తడిసి జారుచున్న చోట, బండి ప్రక్కకు పడియుండెను. నా మిత్రుడు కాలువ గట్టున పండుకొనియుండెను. ఎడమ కాలి యెముక విరిగినది. అతని తలయొద్ద ఒక ముసలి కొండరైతు గూర్చుండి, తాను కప్పుకొన్న గొంగడిని తీసి అతనికి కప్పి, తాను పలుచని చొక్కాతో వణకుచుండెను. ముప్పదియైదు నిమిషములు ఆయన అట్లే యుండెనట.

మమ్ము చూచి ఆయన అడిగిన మాట నేను మరువజాలను. “మీరంతా కలిసే వచ్చినారా, బాబూ?” అనెను. “అవును, తాతా” అంటిని. “మరి ఈ బాబు ఒక్కడే ఎందుకు పడున్నాడు?” అనెను. ఆయన కోపముతో అనలేదు. నిజముగా తెలియకయే అడిగెను. నాయొద్ద సమాధానము లేకుండెను. నా నోట ఇంకను అల్లపుచట్నీ రుచి యుండెను.

నా మిత్రుని నర్సీపట్టణము ఆస్పత్రికి చేర్చితిమి. ఈశ్వరానుగ్రహమువలన అతడు కోలుకొనెను. హెల్మెట్టు ధరించియుండెను గనుక తలకు దెబ్బ తగులలేదు. నేటికిని చలికాలము వచ్చిన ఆ కాలు కొంచెము లాగునని చెప్పును. అతడు నన్ను ఒక్కమాటయైన అనలేదు. అందుచేతనే నేను ఈ మాటలు వ్రాయవలసివచ్చినది.

ఆ రాత్రి నాకు మన బోర్డింగు భోజనశాల జ్ఞాపకము వచ్చినది. ఇప్పటి విద్యార్థులకు ఆ నియమము తెలిసియే యుండును. గంట కొట్టగానే వరుసగా గూర్చుండవలెను. కంచములన్నింటను వడ్డన ముగిసి, ప్రార్థన జరిగినగాని ఎవరును ముద్ద యెత్తరాదు. ఆకలిగొన్న పిల్లలమై మేము ఆ నియమమును ఎంత తిట్టుకొంటిమో! పంక్తి చివర గూర్చున్నవాని కంచములో చారు పడువరకు మొదటివాని అన్నము చల్లారుచుండెడిది. కాని వడ్డన మొదలైన చోట గూర్చుండువాడు రేపు చివర గూర్చుండవలసివచ్చును. అప్పుడు ఆ నియమము తనకొరకే యని తెలియును. మన పెద్దల యిండ్లలోను పంక్తి మర్యాద ఇదియే కదా! అందరికిని వడ్డించువరకు తినరు. అందరును ముగించువరకు లేవరు.

నా అభిప్రాయము ఇంతే. మోటారు సైకిళ్లవారి వరుసయు ఒక పంక్తియే. అది బల్లయొద్ద గూర్చుండినప్పుడు మొదలుకాదు; ఇల్లు విడిచి బయలుదేరినప్పుడే మొదలగును. కడపటివాడు వచ్చి చేతిజోళ్లు విప్పి గూర్చుండినగాని ఎవరును చేరినట్లు కాదు. ఈ యొక్క నియమమును పాటించు బృందము ఫలాహారయాత్రకు పోవచ్చును. పాటింపనిది ఇంటియొద్దనే ఇడ్డెనలు తినుట మేలు.

కొందరు యువకులు దీనికి బదులుగా, “కొండదారిలో వేగముగా పోవుటయే గదా ఆనందము! నెమ్మదిగా పోయిన చలిలో మరింతసేపు నుండవలెను” అందురు. వారికొరకు మన పాఠశాలలో నేర్చిన లెక్కనే చెప్పెదను. నర్సీపట్టణమునుండి లంబసింగికి సుమారు 30 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగమున పోవువానికి 60 నిమిషములు పట్టును. 40 కిలోమీటర్ల వేగమున పోవువానికి 45 నిమిషములు పట్టును. ఇంత సాహసమునకు లాభము 15 నిమిషములు. ఆ కాలములో పొయ్యిమీది కాఫీ డికాషనైన పూర్తిగా దిగదు.

నష్టమో, లెక్కకు మించినది. బండి నిలుపుటకు వలయు దూరము వేగముతో పాటు సమముగా పెరుగదు. బ్రేకు వేసిన పిమ్మట జారు దూరము వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. బ్రిటిషువారి రహదారి నియమావళిలో, ఎండిన రోడ్డుమీద గంటకు 48 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము నిలుచుటకు 23 మీటర్లును, 96 కిలోమీటర్ల వేగమున పోవుదానికి 73 మీటర్లును వలయునని చూపబడినది. వేగము రెండింతలు; దూరము మూడింతలకు మించినది. తడిసిన రోడ్డుమీద ఈ దూరము మరింత పెరుగును. పది గజములకు మించి కనబడని మంచులో ఈ లెక్కకు అర్థమేమో బాలురే ఆలోచించుకొందురు గాక.

చలివిషయమునను అట్లే. చలి మన యొడలినుండి వేడిని లాగుకొనునది గాలి చలనమువలన. 2001వ సంవత్సరమున కెనడా, అమెరికా దేశములు స్వీకరించిన సూత్రము ననుసరించి లెక్కవేసిన యెడల, 10 డిగ్రీల చలి గంటకు 60 కిలోమీటర్ల గాలిలో సుమారు 5 డిగ్రీలవలె తోచును. కనుక వేగముగా పోవువాడు చలిని తప్పించుకొనుటలేదు. దానిని కొని తెచ్చుకొనుచున్నాడు. ముందుగా మొద్దుబారునవి చేతివ్రేళ్లు. బ్రేకును పట్టవలసినవియు ఆ వ్రేళ్లే. టైర్ల రబ్బరు సైతము చలిలో గట్టిపడి రోడ్డును పట్టుకొను శక్తిని కొంత కోల్పోవును. నా మిత్రుడు పడుటకు ఆకులొక్కటియే కారణము కాదు. తన వ్రేళ్లు తనవిగా తోచలేదని అతడు పిమ్మట చెప్పెను. ముందున్న మేము అందకుండ పోవుచుంటిమని వేగము పెంచితిననియు చెప్పెను. ఈ రెండవ మాట నా హృదయమున ముల్లువలె నాటినది.

ఈ వేగపు వ్యామోహము మన దేశమునకు మాత్రమే కలిగినది కాదు. లండను నగరము చుట్టును పోవు ఉత్తరపు వలయ రహదారి చెంత ‘ఏస్ కెఫే’ యను ఫలాహారశాల 1938వ సంవత్సరమున లారీలు తోలువారికొరకు తెరవబడినది. యుద్ధములో బాంబు దెబ్బకు పాడైపోగా 1949లో తిరిగి కట్టబడినది. రాత్రింబవళ్లు తెరచియుండుటచేత మోటారు సైకిళ్లవారు అచ్చట చేరసాగిరి. చలిదేశములో వేడి తేనీరును, తోటివారి మాటయు వారికి ప్రీతికరమయ్యెను. కాని పాటలపెట్టెలో నాణెము వేసి, ఆ పాట ముగియులోపల బండిమీద ఒక చుట్టు తిరిగి వత్తుమని పందెములు వేసికొనెడివారని చెప్పుకొందురు. కలిసికొను చోటు పందెపు చోటు కాగా, పెద్దలు ఆ యువకులను చూచి భయపడసాగిరి.

అట్టి సమయమున, 1962వ సంవత్సరమున, బిల్ షెర్గోల్డు అను ఇంగ్లీషు గురువు తానును మోటారు సైకిలుమీద ఏస్ కెఫేకు పోయి, ఆ యువకులను తన దేవాలయమునకు ఆహ్వానించెను. పెద్దలు తలుపు మూసిన చోట ఆయన తలుపు తెరచెను. 1959లో ఒక యువజన సంఘముగా ఆరంభమైన ‘59 క్లబ్బు’ ఆయన నాయకత్వమున మోటారు సైకిళ్లవారి గొప్ప సంఘముగా పెరిగినది. ఏస్ కెఫే 1969లో మూతపడి, 2001లో మరల తెరవబడినది. ఇందుండి మన మిషను ఉపాధ్యాయులును, తల్లిదండ్రులును గ్రహింపదగిన నీతి నాకొకటి తోచుచున్నది. యువకులను ఫలాహారశాలనుండి తరిమివేయుటవలన వారు రోడ్డుమీదికే పోవుదురు. వారి బల్లయొద్ద పెద్దవాడొకడు గూర్చుండిన, పందెము కూటమిగా మారుటకు అవకాశము కలదు.

ఇక అనుభవమువలన నేర్చిన కొన్ని నియమములను చెప్పెదను. ఇవి నేను కనిపెట్టినవి కావు. మంచి బృందములన్నియు పాటించునవియే. మేమే ఆ దినమున పాటింపమైతిమి. ముందు నడుచుటకు దారి తెలిసినవాని నొకని, కడపట వచ్చుటకు నేర్పరి నొకని నియమింపవలెను. వీరిని ‘లీడు’, ‘స్వీపు’ అందురు. చాలమంది నేర్పరిని ముందుంచుదురు గాని, నిజమునకు ఎక్కువ నేర్పు కడపటివానికే కావలెను. ఎవడు నిలిచినను నిలుచువాడు, ఎవడు పడినను ఎత్తువాడు అతడే. క్రొత్తవానిని లీడు వెనుకనే, రెండవవానిగా నుంచవలెను. అప్పుడు అందరి వేగము అతని వేగమగును. ప్రతివాడును తన వెనుకవాని దీపమును అద్దములో చూచుకొనుచుండవలెను. అది కనబడనియెడల వేగము తగ్గించి, అప్పటికిని రానియెడల క్షేమమైన చోట నిలిచిపోవలెను. ఈ యొక్క పనిని అందరును చేసిన, ఎవడును తప్పిపోవు మార్గములేదు. నేను ఆ దినమున అద్దములో మంచును చూచితిని; దీపము లేకుండుటను చూడలేదు.

వస్త్రధారణమును గూర్చి కూడ రెండు మాటలు. చలికి రొమ్మునకడ్డముగా కోటు లోపల పాత వార్తాపత్రికను మడిచి పెట్టుకొనుట బండ్లు తోలువారెరిగిన చౌకయగు ఉపాయము. చేతిజోళ్లు తప్పక యుండవలెను. హెల్మెట్టు విషయమున వాదమే వలదు. అనేక దేశముల పరిశోధనలను క్రోడీకరించిన 2008వ సంవత్సరపు సమీక్షయందు, హెల్మెట్టు ధరించుటవలన మోటారు సైకిలు ప్రమాదములలో మరణభయము నూటికి 42 వంతులును, తలగాయపు భయము 69 వంతులును తగ్గునని తేలినది. మన దేశమున 2022వ సంవత్సరములో రోడ్డు ప్రమాదములవలన మరణించినవారు 1,68,491 మంది. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనములమీద పోవుచుండినవారు. ఈ సంఖ్యలలో ఒక్కొక్కటియు ఒక ఇంటి దీపమని వేరుగ చెప్పనక్కరలేదు.

పంక్తి యను మాటను ఎత్తితిని గనుక మరియొక సంగతి చెప్పక తప్పదు. మన దేశమున పంక్తి కలుపునదియే కాదు, వేరుచేయునది కూడ నయ్యెను. ఏ కులమువాడు ఏ పంక్తిని గూర్చుండవలెనో, ఎవడు వాకిట తినవలెనో యను కట్టుబాట్లు మన తాతలు ఎరుగనివి కావు. సహపంక్తి భోజనములకై సంస్కర్తలు పాటుపడిరి. మన బోర్డింగులో అన్ని కులముల పిల్లలును ఒకే చాపమీద గూర్చుండి తినిరి. కొండమీది కాఫీ హోటలులోను బ్యాంకు గుమాస్తాయు, మెకానిక్కును, కాలేజీ విద్యార్థియు ఒకే బల్లయొద్ద గూర్చుండుట నేను చూచి సంతోషించియున్నాను. చలి అందరి వ్రేళ్లను సమానముగనే వణికించును.

కాని ఇందును క్రొత్త కులమొకటి తలయెత్తుచున్నది. ఇంజను పెద్దదైనవారు ఒక బల్ల, చిన్నదైనవారు ఒక బల్ల! వెలగల బండివాడు చౌకబండివానితో పోవుట తనకు తక్కువయని తలచుచున్నాడు. చిన్నబండివాడు ఆ యవమానమును కప్పుకొనుటకై తన బండి శక్తికి మించి తోలుచున్నాడు. నా మిత్రుని బండియు చిన్నదే. కులముచేత ఒకని పంక్తినుండి లేపుట పాపమైనయెడల, యంత్రముచేత ఒకని వెనుక విడిచిపెట్టుట మాత్రము పుణ్యమగునా?

ఇంకొక మాట కొండవారినిగూర్చి. మనము వినోదమునకు పోవు ఆ దారి ఎట్టిదో విద్యార్థులు చరిత్ర పుస్తకములలో చదివియుందురు. ఆ మన్యపు ఘాటు రోడ్డు పనులలో చాలీచాలని కూలికి కొండవారిచే బలవంతముగా పనిచేయించుట 1922వ సంవత్సరమున అల్లూరి సీతారామరాజుగారి నాయకత్వమున జరిగిన తిరుగుబాటునకు ఒక కారణమయ్యెను. అట్టి దారిమీద, తెల్లవారకముందు, నిద్రించుచున్న పల్లెల నడుమ బండి గొట్టమును హోరెత్తించుచు పోవుటయు, తిన్న విస్తరాకులను, నీటిసీసాలను లోయలో పారవేయుటయు ఎంతటి కృతఘ్నత! మేము చెత్తవలె చూచి దాటిపోయిన చెలమ గట్టులమీద, కాఫీ తోటల ప్రక్కల, మనుష్యులు నివసించుచున్నారు. వారిలో నొకడు తన గొంగడిని మావానికి కప్పెను. మేమిచ్చిన డబ్బును ఆయన పుచ్చుకొనలేదు. “చలికి కప్పినాను గాని, కూలికి కాదు” అని వెడలిపోయెను. ఆయన పేరైన అడుగనంతటి తొందరలో మేముంటిమి.

తల్లిదండ్రులారా! మీ కుమారుడు, లేక మీ కుమార్తె, ఫలాహారయాత్రకు పోయెదనని యడిగినప్పుడు మీరు ఏమి చెప్పవలెను? మొదట వయస్సును చూడుడు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము ప్రకారము గేర్లుగల మోటారు సైకిలు నడుపుటకు 18 సంవత్సరములు నిండవలెను. మైనరు బిడ్డ బండి నడిపి నేరము చేసినయెడల తండ్రికో సంరక్షకునికో మూడేండ్లవరకు ఖైదును, 25,000 రూపాయల జుల్మానాయు విధింపవచ్చునని 2019వ సంవత్సరపు సవరణ చెప్పుచున్నది. కనుక పాఠశాలలో చదువుచున్న బాలురకు నా సలహా ఒక్కటియే: ఓపికపట్టుడు. కొండ ఎక్కడికిని పోదు; మంచు ప్రతి కార్తికమునకును వచ్చును.

వయస్సు వచ్చినవారిని మాత్రము వట్టి భయముచేత అడ్డగింపవలదు. అడ్డగించిన వారు చెప్పక పోవుదురు; చెప్పక పోయినవాడు తప్పిపోయినను ఇంటివారికి తెలియదు. దానికి బదులుగా ఒక్క ప్రశ్న వేయుడు. “బండి ఏది? ఎంత వేగము?” అని కాదు. “నీ వెనుక ఎవరు వచ్చుచున్నారు? నీవు అతనికొరకు నిలిచెదవా?” అని యడుగుడు. ఆ ప్రశ్నకు తడబడక జవాబు చెప్పగలవానిని ధైర్యముగా పంపవచ్చును. తడబడువాడు ఇంకను పంక్తిలో గూర్చుండుట నేర్వలేదని తెలిసికొనవచ్చును.

నేను ఇప్పటికిని పోవుచునే యున్నాను. నా మిత్రుడును, కాలు కుదిరిన పిమ్మట, తిరిగి వచ్చుచున్నాడు. అతడు రెండవవాడుగా పోవును. నేను కోరి కడపటివాడనై పోవుచున్నాను. కడపటివానికి మంచి స్థలము దొరకదు. ముందువారి పొగ దొరకును. కాని నేను కొండమీదికి చేరునప్పటికి పదిమందియు బల్లచుట్టును గూర్చుండి, ఇడ్డెనల పళ్లెములమీద మూతలు పెట్టించి, నాకొరకు చూచుచుందురు. ఇడ్డెనలు కొంచెము చల్లారియే యుండును. అంతకంటె రుచిగల ఫలాహారమును నేను ఎన్నడును తినలేదు.

విద్యార్థి సోదరులారా, సోదరీమణులారా! మీలో అనేకులు రేపు చదువులోను, ఉద్యోగములలోను నన్ను మించి ముందునకు పోవుదురు. పోవుట మంచిదే. కాని ఏ కొండ నెక్కినను, చేరితిమని కంచము ముందు గూర్చుండుటకు మునుపు ఒక్కమారు తలలు లెక్కపెట్టుడు. ఆ ముసలి తాత నన్నడిగిన ప్రశ్నను మిమ్మెవరును అడుగవలసిన యవసరము రాకుండుగాక యని నా ప్రార్థన.